ఆదివారం సప్పుడు

పోయిన ఆదివారం మా అమ్మాయి తనకు తెలియకుండానే నా గోతిని తవ్వి, నీట్‌గా చదును చేసి, పైన పూలు కూడా చల్లింది. సంతోష్‌నగర్‌లో మేముండే అపార్ట్‌మెంటు కింద పాత దుప్పటి పరిచి, నా స్కూటర్ పేగులన్నీ దాని మీద ఆరబోసింది. ఫోను గోడకు ఆనించి ఉంది. అందులో ఎవడో గడ్డం కుర్రాడు హిందీలో చెబుతుంటే, ఈమె ఆయిలు మార్చింది, ఫిల్టర్ దులిపింది, ప్లగ్గు తుడిచింది, బ్రేకులు బిగించింది. అంతా అయ్యాక ముక్కు మీద గ్రీజు మచ్చతో లేచి నిలబడి, కొండ మీంచి సంజీవని తెచ్చినంత గర్వంగా నన్ను చూసింది.

“అయిపోయింది డాడీ. ఇగ నువ్వు మెకానిక్ దగ్గరికి పోవుడు బంద్. మొత్తం నేనే చూస్కుంటా.”

మా ఆవిడ బాల్కనీలోంచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కానీ నా కడుపులో ఏదో నట్టు ఊడి కింద పడింది. ఎందుకంటే ఆ మాట నేను ఇదివరకే విన్నాను. అన్నది నేనే. అప్పుడు నా గొంతు కాస్త కీచుగా ఉండేది, అంతే తేడా.

చిన్నప్పుడు ఉప్పుగూడలో మా ఇల్లు రైల్వే స్టేషన్‌కి ఎంత దగ్గరంటే, రైలు ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు మా పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి పోయేవారు. బాపు సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఆయన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. “నీళ్లు.” “పేపరు.” “సదివినవా?” ఇక పండగ పూట ధారాళం ఎక్కువై “కూర మంచిగైంది” అనేవాడు. అమ్మ ఆ మాటను మళ్లీ పండగ దాకా దాచుకుని వాడుకునేది.

ఆయనకు ఒక స్కూటర్ ఉండేది. కొన్నప్పుడు నీలం రంగు అని ఇంట్లో ఒక పుకారు. నేను చూసేనాటికి అది ఎండకు, వానకు, దసరా నాడు పూసే పసుపుకు కలిపి ఏ రంగూ కాని రంగులోకి తిరిగింది. పొద్దున దాన్ని లేపడం కుంభకర్ణుడిని లేపడం కంటే కష్టం. ముందు ఒక పక్కకు వంచి పట్టుకోవాలి, చెవిలో రహస్యం చెప్పించుకుంటున్నట్టు. పెట్రోలు కిందికి జారిందని నమ్మకం కుదిరాక నిలబెట్టి, కిక్కు మీద కిక్కు. ఆ కిక్కుల పుణ్యమా అని బాపు కుడి కాలు పహిల్వాన్ కాలులాగా, ఎడమ కాలు గుమాస్తా కాలులాగా ఉండేవి. అది లేచాక వదిలే నీలి పొగలో మా వాడ మొత్తం కాసేపు కనిపించేది కాదు. పెట్రోలు, నూనె కలిసి కాలిన ఆ తియ్యటి ఘాటు ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే, నాకు ముందు ఆకలేస్తుంది, తర్వాత సిగ్గేస్తుంది.

ఆకలెందుకంటే, అది ఆదివారం వాసన. సిగ్గు సంగతి చెబుతాను.

ప్రతి ఆదివారం చాయ్ తాగాక బాపు స్కూటర్ స్టార్ట్ చేసి, మెడ వంచి, నాడి చూసే హకీములాగా కళ్లు మూసుకుని వినేవాడు.

“ఏందో సప్పుడొస్తుంది.”

“సోమారం నుంచి శనారం దాంక రాని సప్పుడు ఐతారమే ఎందుకొస్తది?” అని అమ్మ వంటింట్లోంచి అడిగేది.

“బండి అన్నంక వస్తది.”

ఇక ఆయన రైల్వే గేటు దాటి, స్కూటర్లు బాగుచేసే మిస్త్రీ చాచా దుకాణానికి పోయేవాడు. అన్నం వేళ దాటిపోయేది. బగారా అన్నం చల్లారి గడ్డకట్టేది, తలకాయ కూర మీద నెయ్యిలాంటి తెల్ల పొర కట్టేది. అమ్మ మొహం మీద కూడా అలాంటిదే ఒకటి కట్టేది.

దుకాణం అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక రేకు, రేకు కింద ఒక చాచా. చాచా గడ్డానికి మెహందీ, చేతులకు గ్రీజు. రెండూ ఎక్కడ కలుస్తాయో ఆయనకే తెలియదు. దుకాణం ముందు మాత్రం ఒక బల్ల ఉండేది. ఏదో చచ్చిపోయిన లారీ వెనక పలకను రాళ్ల మీద నిలబెట్టి చేసిన బల్ల. నలుగురు కూర్చుంటే నిండుతుంది. ఆ నలుగురూ ఎప్పుడూ వాళ్లే: మా బాపు, నయాపూల్ కోర్టు దగ్గర టైపు కొట్టే మామ, గుడిలో నైవేద్యం వండే స్వామి, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే అంకుల్. అంకుల్ చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్ల చొక్కాతో వచ్చేవాడు, గ్రీజు అంటకుండా బల్ల చివర పేపరు పరుచుకుని కూర్చునేవాడు.

ఆ బల్లకు ఒక మర్యాద ఉండేది. బండికి జబ్బు లేకుండా అక్కడ కూర్చోకూడదు. సంసారం ఉన్న మగవాడు, మంచి బండి పెట్టుకుని, మెకానిక్ దుకాణంలో ఊరికే కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? అందుకని ఆదివారం నాడు నాలుగు బండ్లకూ ఏదో ఒకటి వచ్చేది. ఒకరి క్లచ్చు జారేది. ఒకరిది దమ్ము పట్టేది. స్వామి బండికి చాలాకాలం “మనసు బాగలేదు” అనే జబ్బు ఉండేది. చాచా అన్నింటికీ తల ఊపి, “బైఠో సాబ్, దేఖ్‌తాఁ” అని కూర్చోబెట్టేవాడు. చూసేవాడు కూడా. తొందర మాత్రం పడేవాడు కాదు.

ఒక ఆదివారం అమ్మ నన్ను పంపింది, “మీ బాపుకు ఇల్లు యాదికున్నదా అడిగి రాపో” అని. నేను మూల తిరిగేసరికి ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. ఆ నవ్వుకు పక్కనున్న చాయ్ హోటల్లో గ్లాసులు గలగలమన్నాయి. చూస్తే, బాపు! బల్ల ముందు నిలబడి, చొక్కా జేబులో లేని కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ముక్కుతో మాట్లాడే తమ ఆఫీసరును దించేస్తున్నాడు. “ఫైలు కిందబెట్టు! మీద బెట్టు! అసలెందుకు బెట్టినవ్?” టైపు మామ కళ్లు తుడుచుకుంటున్నాడు. స్వామి జంధ్యం పట్టుకుని ఊగుతున్నాడు. చాచా చేతిలో పానా గాలిలో ఆగిపోయింది. అందరికంటే బాపే ఎక్కువగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. నేను పుట్టకముందు వచ్చి పోయిందేమో తెలియదు.

నన్ను చూడగానే పెట్రోలు నాబ్ తిప్పినట్టు బంద్ చేశాడు. “వస్తున్న, పో” అన్నాడు, గుమాస్తా గొంతుతో.

ఇంత చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. ఆ వయసులో బుర్రలో అంతా పొగ.

“ఆ సప్పుడేందో నువ్వు పట్టుకో కొడుకా” అంది అమ్మ. “పట్టుకుంటే వచ్చే ఐతారం కాలేజం పులుసులో నీకు నల్లీ బొక్క ఇస్త.” కార్జం పులుసులో పడే మూలుగు ఎముక, ఆ నల్లీ బొక్క కోసం నేను ఆ రోజుల్లో చార్మినార్‌ను కూడా విప్పి మళ్లీ బిగించేవాణ్ని.

అప్పట్నుంచి ఆదివారాలు బాపు వెనక ఎక్కి దుకాణానికి పోవడం మొదలుపెట్టాను. పెద్దవాళ్లు మాటల్లో పడితే నేను చాచా చేతులు చూసేవాణ్ని. ప్లగ్గు విప్పడం, దాని నల్లటి ముక్కును గరుకు కాగితంతో రుద్దడం, ముక్కుకూ కొక్కేనికీ మధ్య వేలిగోరు పట్టేంత సందు ఉంచడం. క్లచ్చు తీగ వదులు తీయడం. కార్బురేటర్‌లోంచి సూది బెజ్జమున్న ఇత్తడి జెట్టును తీసి నోటితో ఊదడం.

“ఫూంక్ బేటా. లేకిన్ అందర్ నక్కో ఖీంచ్” అన్నాడు చాచా. ఊదు, లోపలికి పీల్చకు.

నేను పీల్చాను. తర్వాత వారం రోజులు నా తేన్పులు పెట్రోలు బంకు వాసన కొట్టాయి. అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నా దగ్గర అగ్గిపుల్ల గీయొద్దని బళ్లో పక్కబెంచీ వాడు అందరికీ చెప్పిపెట్టాడు.

కొద్దికాలానికి నాకు ధైర్యం పెరిగింది. విద్య పెరిగిందని చెప్పలేను. మా స్కూటర్ గొంతు బొంగురుపోవడానికి సైలెన్సర్‌లో మసి పేరుకోవడమే కారణమని చాచా ఎవరితోనో అంటుంటే విన్నాను. మసి పోవాలంటే సైలెన్సర్‌ను నిప్పుల్లో కాల్చాలి. ఇంకేం, నా బడికి సెలవై, బాపు ఆఫీసుకు బస్సులో పోయిన ఒక రోజు, సైలెన్సర్ విప్పి, పెరట్లో స్నానాల నీళ్ల పొయ్యిలో, కట్టెల మధ్య మొక్కజొన్న పొత్తులాగా పెట్టాను.

ఆ పొగ గురించి ఏం చెప్పను! నల్లగా, లావుగా, జడలు విరబోసుకుని లేచింది. ఆరేసిన బట్టలన్నీ సంతాపం పాటించాయి. స్టేషన్‌లో ఆగిన రైలు డ్రైవరు తన ఇంజనే అంటుకుందనుకుని దిగి వచ్చాడని మా వాడలో ఇప్పటికీ ఒకరిద్దరు ప్రమాణం చేస్తారు. పక్క పొయ్యి మీద ఉడుకుతున్న కాలేజం పులుసు ఆ పొగ మొత్తం తాగేసింది. “ఓరి నీ సైలెన్సర్ పాడుగాను! ఇది పులుసా, డీజిలా?” అని అమ్మ గరిటెతో తరిమింది. అయినా పారబోయలేదు. మేం తిన్నాం. చెప్పకూడదు గానీ రుచి బాగానే ఉంది, కాస్త రోడ్డు వాసన తప్ప.

కానీ సైలెన్సర్ బిగించి కిక్కు కొడితే, ఆ బండి గొంతు తేనె తాగినట్టు మారిపోయింది. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. వదులుగా ఉన్న ప్రతి నట్టు, గలగలలాడే ప్రతి మూత, నంబరు పలక, స్టెప్నీ చక్రం, అన్నీ బిగించాను. మరుసటి ఆదివారం బాపు స్కూటర్ స్టార్ట్ చేసి మెడ వంచాడు. కళ్లు మూశాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

“ఏందో...” అన్నాడు.

ఏమీ లేదు. వీణ మోగినట్టు మోగుతోంది.

“ఏం సప్పుడు లేదు బాపు! మొత్తం నేనే బిగించిన. ఇగ నువ్వు చాచా దగ్గరికి పోవుడు బంద్.”

ఆయన ఇంజను ఆపాడు. “మంచిదే రా” అని లోపలికి పోయాడు. ఆ పూట నల్లీ బొక్క నా పళ్లెంలో పడింది. వేడి వేడిగా, అందరం కలిసి, వేళకు తిన్నాం.

అమ్మ ఊరుకుంటుందా? నల్లా దగ్గర బిందెల వరసలో ప్రకటించింది. టైపు మామ భార్య, స్వామి గారి ఇల్లాలు, ఎక్స్‌రే ఆంటీ, ముగ్గురూ ఆ వరసలోనే ఉన్నారు. “మా ఆయనకు గూడ గదే రోగమక్కా, ఐతారమొస్తె సాలు బండి మీద ప్రేమ పొంగుతది” అంది ఒకామె. “మా వానికి చూపియ్యుండ్రి, వద్దంటడా!” అంది అమ్మ. అలా నా చేతికి నాలుగు బండ్లు చిక్కాయి. మగవాళ్లు ఆఫీసుల నుంచి వచ్చి బండి ఆపేసరికి ఆడవాళ్లు గరుకు కాగితం, నాకో లడ్డూ సిద్ధంగా పెట్టేవారు. ఆ మగవాళ్ల మొహాలు చూడాలి, సొంత పెళ్లికి తాంబూలాలు వేరేవాడు పుచ్చుకుంటున్నట్టు! స్వామి ఒక్కడే కాస్త పోరాడాడు. “నాయనా, దీనికి మనసు బాగలేదు, నీకు తెల్వదు.” దాని మనసు కూడా బాగుచేశాను. కార్బురేటర్‌లో ఉంది.

అప్పుడు మొదలైంది అసలు కథ. ఆదివారాలు బాపు ఇంట్లోనే ఉన్నాడు.

మొదట పేపరు చదివాడు. తర్వాత అదే పేపరు మళ్లీ చదివాడు. గోళ్లు తీసుకున్నాడు. నా గోళ్లు తీశాడు. వంటింట్లోకి పోయి పోపులో ఆవాలు ఎక్కువయ్యాయన్నాడు. “ఇన్నేండ్లు లేని ఆవాలు ఇయ్యాల గనవడ్డయా?” అంది అమ్మ. గుమ్మం దగ్గరికి పోయి స్కూటర్‌ను చూసి వచ్చేవాడు. అది నిగనిగలాడుతూ, ఏ బాధా లేకుండా, దుర్మార్గంగా నిలబడి ఉండేది. రానురాను పోపు గురించి కూడా మాట్లాడటం మానేశాడు. “నీళ్లు” అనడానికి బదులు గ్లాసు చూపించడం మొదలుపెట్టాడు. అమ్మ కూర వేడిగా వడ్డించి, ఆయన మొహంలోకి చూసి, “బాగలేదా?” అని అడిగేది. ఆయన తల ఊపేవాడు. బాగుందనో, లేదనో.

ఒక ఆదివారం అమ్మే నన్ను పక్కకు పిలిచింది. “నువ్వు బాగు చేసుడేమో గని, ఇంట్ల బొమ్మను కూసోబెట్టినట్టయింది కొడుకా.” అంతే అంది. నాకు అప్పుడు ఆ బల్ల ముందు నిలబడి ముక్కుతో మాట్లాడిన మనిషి గుర్తొచ్చాడు. ఆ సప్పుడు బండిలోంచి వచ్చేది కాదని నాకు ఆ రోజు తెలిసింది. దాన్ని నేను వాడ మొత్తంలో బిగించేశాను.

తర్వాతి శనివారం సాయంత్రం ఎప్పటిలాగే కరెంటు పోయింది. జనం విసనకర్రలతో అరుగుల మీద చేరి కరెంటువాళ్లను తిడుతున్నారు. నేను ప్లగ్ పానా, చిన్న సుత్తె జేబులో వేసుకుని, అందరి బండ్లూ తుడుస్తున్నట్టు వాడ మొత్తం తిరిగాను. ప్లగ్గు విప్పడం, ముక్కు సందు మూసుకుపోయేలా ఒక్క దెబ్బ కొట్టడం, మళ్లీ బిగించడం. సందు లేకపోతే నిప్పు రవ్వ పుట్టదు. నిప్పు పుట్టకపోతే పహిల్వాన్ కాలు కూడా ఏమీ చేయలేదు. నాలుగు బండ్లకూ అదే వైద్యం.

ఆదివారం పొద్దున బాపు ఏదో కూరగాయలకని బండి తీశాడు. వంచాడు, కొట్టాడు. వంచాడు, కొట్టాడు. చెమటలు పట్టాయి. నెమ్మదిగా ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది, చాన్నాళ్లకు. వెంటనే దాన్ని దాచుకుని నా వైపు తిరిగాడు.

“నువ్వు చూస్తవా?”

“ఇది నాతోని కాదు బాపు. చాచాకే తెలుస్తది.”

“గంతేనంటవా?” అని, అమ్మ వైపు కూడా ఒకసారి చూశాడు. అమ్మ అటు తిరిగి బియ్యంలో లేని రాళ్లు ఏరుతోంది. “పొండి పొండి, బండి అన్నంక వస్తది” అంది.

ఆయన ముందు తోస్తుంటే నేను వెనక నుంచి నెట్టాను. రైల్వే గేటు పడి ఉంది. గేటు ముందు టైపు మామ తన బండిని తోసుకొచ్చి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“నీది గూడనా?”

“ఏం జెప్పాలె భాయ్! రాత్రి దాంక మంచిగుండె.”

ఇంతలో స్వామి, తడి పంచె పైకి దోపి, రొప్పుతూ వచ్చాడు. వెనకాలే ఎక్స్‌రే అంకుల్, తెల్ల చొక్కా వీపుకు అతుక్కుపోయి. “ప్రార్థనకు పోతుంటె ఆగిపోయింది” అన్నాడు. చర్చి వాళ్ల ఇంటికి ఇటువైపు కాదు, అటువైపు. ఎవరూ ఆ మాట అనలేదు. ప్లగ్గు విప్పి చూద్దామని కూడా ఎవరూ అనలేదు. గేటు లేచాక నాలుగు చచ్చిన స్కూటర్లు వరసగా, పెళ్లి ఊరేగింపులాగా, పట్టాలు దాటాయి. బాపు చూపుడు వేలుతో లేని కళ్లద్దాలు పైకి తోసుకుంటున్నాడు, సాధన చేస్తున్నట్టు. వెనక నేను, దేవుణ్ని మోస్తున్నంత భక్తిగా నెడుతున్నాను.

దుకాణం ఉంది. రేకు ఉంది. చాచా ఉన్నాడు. బల్ల లేదు.

బల్ల ఉన్నచోట మట్టిలో రాళ్ల గుర్తులు, వాటి మధ్య ఒక పాత టైరు.

“బల్ల ఏది భాయ్?” అన్నాడు బాపు.

చాచా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు తుడుచుకున్నాడు. “కూసునేటోళ్లు లేరు గద సాబ్. మీ అందరి బండ్లు మాషా అల్లా మంచిగైనయ్ అని విన్న. గా హోటలోడు అడిగితె ఇచ్చేసిన. వాండ్లు కోసి మెట్లు జేసుకున్నరు.”

నలుగురూ నిలబడ్డారు. చాచా మొదటి ప్లగ్గు విప్పాడు, వెలుతురుకు పట్టుకున్నాడు. రెండోది విప్పాడు. మూడోది విప్పకముందే తలెత్తి నన్ను చూశాడు. నేను టైరును చూశాను.

“సబ్‌కో ఏకీచ్ బీమారీ” అన్నాడు నెమ్మదిగా. అందరికీ ఒకటే జబ్బు. “హవా ఖరాబ్ హై సాబ్. గిట్లనే అయితది ఒక్కోసారి.”

గాలి మీదకు తోసేశాడు, నన్ను కాపాడటానికి.

బాపు ప్రయత్నం చేశాడు. నిజంగా చేశాడు. లేని కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కు నొక్కి, “ఫైలు కిందబెట్టు” అని మొదలుపెట్టాడు. అంతలో వెనక లారీవాడు హారను కొట్టాడు, నలుగురూ రోడ్డు మీద నిలబడి ఉన్నారని. అందరూ పక్కకు జరిగారు. జరిగాక ఆ మాట ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తులేదు. కూర్చున్న మనిషి చాయ్ గ్లాసు చూస్తాడు. నిలబడ్డ మనిషి గడియారం చూస్తాడు. టైపు మామ చూశాడు. స్వామికి నైవేద్యం గుర్తొచ్చింది. ఇక ఆ పాపిష్టి ప్లగ్గులు, ఒకటే జబ్బు కావడం వల్ల, చాయ్ వచ్చేలోపే నాలుగూ బాగైపోయాయి. కనీసం ఒక్కో బండికి ఒక్కో రోగం పెట్టినా ఆ పూటంతా గడిచేది. ఆ తెలివి కూడా లేకపోయింది నాకు.

వచ్చేటప్పుడు బాపు వెనక కూర్చున్నాను. గేటు దాటాక, ఆయన తల తిప్పకుండా అడిగాడు.

“సుత్తెతోని కొట్టినవా?”

నేను వెనక స్టెప్నీని గట్టిగా పట్టుకున్నాను.

“పానా తోని మెల్లగ నొక్కాలె. సుత్తె అయితె లోపట పింగాణీ పలుగుతది.”

స్కూటర్ వీణలాగా మోగుతోంది. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. అంటే ఆయనకు ప్లగ్గు తెలుసు. జెట్టు తెలుసు. సైలెన్సర్‌లో మసి తెలుసు. అన్నీ తెలిసే ప్రతి ఆదివారం మెడ వంచి, లేని సప్పుడు విన్నాడు. నేను నేర్చుకున్న విద్య మొత్తం ఆయన ఎప్పుడో నేర్చుకుని, పని గట్టుకుని మరిచిపోయాడు.

తర్వాత ఆ నలుగురూ కనిపించినప్పుడు పలకరించుకునేవారు. బండ్ల మీద నుంచే. బండ్లు బాగా నడిచేవి కదా, ఆగేవి కావు. ఆ ముక్కు గొంతు నేను మళ్లీ వినలేదు. హోటల్ ముందు ఆ మెట్లు చాలాకాలం ఉన్నాయి. వాటి మీద అడుగుపెట్టాల్సి వస్తే దాటి దూకేవాణ్ని.

ఇదంతా పోయిన ఆదివారం, మా అమ్మాయి ముక్కు మీది గ్రీజు చూస్తూ గుర్తుచేసుకున్నాను. సాయంత్రం ఆమె అలసిపోయి కునుకు తీస్తుంటే తాళం తీసుకుని మెల్లగా కిందికి దిగాను. బండి వేలు తగలగానే లేచింది. వంచే పని లేదు, తన్నే పని లేదు. పాపిష్టిది, చక్కగా చేసింది పిల్ల. మూల మీది మెకానిక్ దుకాణానికి పోయాను. దారిపొడుగునా ఒక మాట సిద్ధం చేసుకున్నాను. “బండి మంచిగనే ఉంది తమ్మీ, కాసేపు కూసుందామని వచ్చిన.” మా బాపు, ఆ నలుగురూ, ఒక్కసారైనా అనలేకపోయిన మాట. నేను చదువుకున్నవాణ్ని, నేను అంటాను.

“ఏమైందన్నా?” అన్నాడు కుర్ర మెకానిక్, చేతిలో ఫోను దించకుండా.

నా మెడ దానంతటదే వంగింది.

“ఏందో సప్పుడొస్తుంది.”

వాడు బండి వేసుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. “ఏం లేదన్నా. ఎవరో మస్తు చేసిన్రు సర్వీసింగ్.”

“ఉంది. ఇంకోసారి చూడు.”

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత లోపలికి పోయి, పంక్చర్ ట్యూబు పక్కకు తోసి, ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా ముందు వేశాడు.

కూర్చున్నాను. ఆ దుకాణంలో స్టూలు ఒక్కటే.